తాగని మనిషికి శాలువా

మీరు ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నారు కాబట్టి ముందే ఒక సంగతి చెప్పాలి. మా తిరువూరులో ఆడవాళ్లు తాగరు. మత్తుమందులు అసలే వాడరు. వాళ్లకి నిద్ర పట్టదు, అందుకని ఒక బిళ్ల వేసుకుంటారు. నడుం నొప్పి, అందుకని ఇంకో బిళ్ల వేసుకుంటారు. దగ్గు లేకపోయినా దగ్గుమందు తాగుతారు, రేపు రావచ్చు కదా. ఇవేవీ వ్యసనం కిందకి రావు. వ్యసనం మగవాడికి మాత్రమే వచ్చే జబ్బు. ఆడదానికి వస్తే దాన్ని జబ్బు అనరు. దానికి వేరే పేరుంది. ఆ పేరు నేనిక్కడ రాయను.

మా వ్యసన విముక్తి కేంద్రం ఈ నమ్మకం మీదే నడిచేది. అందులో కౌన్సెలర్‌గా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. విస్సన్నపేట రోడ్డులో ఒకప్పటి మామిడికాయల గోడౌన్ను బాగుచేసి పెట్టిన కేంద్రం అది. ఎండలు ముదిరితే ఇప్పటికీ గోడల్లోంచి మాగిన పళ్ల వాసన వస్తుంది. ఊళ్లో పెద్దమనుషులు కొందరు కమిటీగా ఏర్పడి నడిపేవాళ్లు. ముందు పెద్ద హాలు, అందులో మగవాళ్ల మంచాలు. వెనక రెండు ఫ్యామిలీ గదులు. కాస్త ఉన్నవాళ్లు పేషెంటుకి తోడుగా భార్యనో తల్లినో ఉంచుకోవాలంటే ఆ గదులిచ్చేవాళ్లు. అంటే ఆడమనిషి మా కేంద్రంలో ఒక రాత్రి పడుకోవాలంటే ఒకటే అర్హత. ఆమెకి తాగే మగవాడొకడు ఉండాలి.

ఆడవాళ్లకి కూడా నాలుగు మంచాలు వేద్దామని ఒకసారి కమిటీ మీటింగులో అన్నాను. ప్రెసిడెంటు గారు చాలా ఓపిగ్గా సమాధానం చెప్పారు.

"మంచాలు వెయ్యడం ఎంతసేపమ్మా. వేశాక ఎవరూ రాకపోతే మంచాలు దండగ. ఎవరైనా వస్తే ఊరి పరువు దండగ."

సెక్రటరీ గారికి ఆ మాట ఎంత నచ్చిందంటే మీటింగు అయ్యాక కూడా పైకి అనుకుంటూ మెట్లు దిగాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఊళ్లో ఎరువులు, పురుగుమందుల షాపు నడిపే అన్నదమ్ములిద్దరు ఉండేవాళ్లు. తండ్రి పెట్టిన షాపు, ఉమ్మడి కుటుంబం. ఒకరోజు అన్న తన భార్యనీ, తమ్ముడి భార్యనీ కార్లో ఎక్కించుకుని బట్టలు కొనడానికి విజయవాడ వెళ్లాడు. తిరిగి వస్తూ రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని గుద్దాడు. ఆడవాళ్లిద్దరూ వెనక సీట్లో ఉన్నారు. అన్నకి తలకి దెబ్బ తగిలి అక్కడికక్కడే స్పృహ తప్పింది. ఆయన భార్య, జనం వచ్చి తలుపు కోసి తీసేలోపే తోడికోడలి ఒళ్లో ప్రాణం విడిచింది. తమ్ముడి భార్య నడుం ఎముక చిట్లింది గానీ బతికింది.

దెబ్బ మానాక అన్న తాగడం మొదలుపెట్టాడు. ఊరు అర్థం చేసుకుంది. "కళ్లముందు పెళ్లాం పోతే ఏ మగాడు తట్టుకుంటాడు" అన్నారు. స్పృహలో లేని మనిషి కళ్లముందు ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. షాపు మూసే వేళకి తల్లే సోడా తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టేది. బిడ్డ బాధ మర్చిపోవాలి కదా అనేది. ఆయన షాపుకి రాకపోతే దుఃఖం, వచ్చి రైతుల మీద అరిస్తే దుఃఖం, సాయంత్రం అరుగు మీద పడిపోతే మరీ దుఃఖం. గంపలగూడెం నుంచి పత్తి రైతులు వచ్చి, పురుగుమందు కొనే ముందు ఆయన్ని పరామర్శించి వెళ్లేవాళ్లు.

తమ్ముడి భార్యని మాత్రం అందరూ "అదృష్టవంతురాలు" అన్నారు. అదృష్టవంతులకి బాధ ఉండకూడదు కాబట్టి ఆమెనెవరూ ఏమీ అడగలేదు.

ప్రమాదం జరిగిన రెండేళ్లకి తమ్ముడు నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, మొహం మీద ఎప్పుడూ ఎవరికో సారీ చెబుతున్నట్టుండే చూపు. ఊళ్లో ఆయనకి ఒక్క అలవాటు కూడా లేదని పేరు. టీలో పంచదార కూడా వేసుకోడు.

"మా బంధువులావిడ ఒకావిడ ఉన్నారండి," అన్నాడు.

"చెప్పండి."

"నొప్పి బిళ్లలు ఎక్కువ వాడుతున్నారండి. నిద్ర బిళ్లలు కూడానండి. అవి దొరకని రోజు చేతులు వణుకుతాయి. ఈమధ్య..." ఆగి, గొంతు తగ్గించాడు. "ఈమధ్య బ్రాందీ కూడానండి. స్టీలు గ్లాసులో పోసుకుని మంచినీళ్లు తాగినట్టు తాగుద్ది."

"ఎంత దగ్గర బంధువండీ?"

నా టేబుల్ మీదున్న పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ తిప్పాడు కాసేపు.

"ఇంట్లోనే ఉంటుందండి," అన్నాడు.

మర్నాడు ఆమె వచ్చింది. ఎండలో నడుచుకుంటూ వచ్చింది. భర్త బండి నడిపించుకుంటూ పక్కనే నడిచాడు. ప్రమాదం తర్వాత ఆమె ఏ బండీ ఎక్కలేదట. కారు, బస్సు, ఆటో, చివరికి భర్త స్కూటర్ కూడా. ఇంట్లో గోడ గడియారాలన్నీ తీసేశారట. టిక్కు టిక్కుమంటే ఆమె ఒళ్లు చల్లబడిపోతుందని. పెట్రోలు బంకు ఉన్న వీధిలోకి వెళ్లదు. నిద్ర పడితే కేకలేసి లేస్తుంది. నిద్ర పట్టకపోతే బిళ్ల వేసుకుంటుంది. నడుం నొప్పికని మొదట్లో ఇచ్చిన బిళ్లలు నొప్పి తగ్గాక కూడా ఆగలేదు. మందుల షాపతను తెలిసినవాళ్లింటి మనిషే కదా అని డాక్టరు చీటీ అడక్కుండా ఇచ్చేవాడు. బ్రాందీ బావగారి సీసాలోది. సీసా తొందరగా ఖాళీ అవుతుంటే అత్తగారు, పాపం పెద్దోడి బాధ ఎక్కువవుతోంది అనుకుందట.

మా దగ్గరికి వారానికి రెండుసార్లు విజయవాడ నుంచి సైకియాట్రిస్టు వచ్చేవారు. మాట పొదుపు, ముఖంలో నవ్వు కనపడేది కాదు. ఆమెతో చాలాసేపు మాట్లాడాక నాకూ ఆమె భర్తకీ కలిపి చెప్పారు.

"దీన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ అంటారు. ప్రమాదం అయిపోయిందని ఆవిడకి తెలుసు. ఆవిడ ఒంటికి తెలీదు. అది ఇంకా ఆ కార్లోనే ఉంది. దాన్ని ఊరుకోబెట్టడానికి ఈ బిళ్లలు, ఆ బ్రాందీ. రెండిటికీ కలిపి వైద్యం చెయ్యాలి. ఉన్నట్టుండి మానిపిస్తే ఫిట్స్ వస్తాయి. అడ్మిట్ చేసుకుని కొంచెం కొంచెంగా తగ్గించాలి. విజయవాడ తీసుకురండి."

"ఆమె బండెక్కదండి," అన్నాడు భర్త.

డాక్టరు గారు ఆలోచనలో పడ్డారు. కిటికీలోంచి చూస్తే వెనక ఫ్యామిలీ గది ఒకటి ఖాళీగా ఉంది.

"మీకు తాగుడు అలవాటుంటే ఎంత బాగుండేదండీ," అన్నారు. "ఈ క్షణం అడ్మిషన్ ఇచ్చేవాణ్ణి. ఆవిడ మీకు అటెండెంటుగా ఉండేది. పని అయిపోయేది."

హాస్యానికే అన్నారు. భర్త నవ్వలేదు.

"ఉందండి," అన్నాడు.

"ఏంటి?"

"అలవాటు. ఇవాళ్టి నుంచి ఉందండి."

అట్లా మా కేంద్రంలో చుక్క తాగని పేషెంటు చేరాడు. ఆమె అసలు వైద్యం వివరాలు డాక్టరు గారు ఆమె పేరుతోనే విడిగా రాసుకుని తన దగ్గరే ఉంచుకున్నారు. బయటికి మాత్రం తాగుబోతు భర్త, తోడున్న భార్య. ఈ సంగతి ఆమెకి చెబితే చాలాసేపు భర్త వైపు చూసింది. "ఈయనకి దగ్గుమందు వాసన తగిలితేనే వాంతి అవుద్దండి," అంది నాతో.

వార్త సాయంత్రానికల్లా ఊళ్లో పాకింది. పంచదార లేని టీ వెనక ఇంత కథ ఉందా అని జనం ముక్కున వేలేసుకున్నారు. అయినా ఎవరూ తిట్టలేదు. మగవాడు కదా. "అన్న బాధ చూడలేక వీడూ మొదలుపెట్టాడు" అని ఒక కారణం ఊరే తయారుచేసి ఇచ్చింది. మేం ఒక్క కారణం కూడా వెతుక్కోనక్కర్లేకపోయింది.

రోజూ పొద్దున హాల్లో మగవాళ్లందరినీ గుండ్రంగా కూర్చోబెట్టేవాళ్లం. ఎవరి కథ వాళ్లు చెప్పాలి. మొదటిరోజు ఒక లారీ డ్రైవరు ఈయన్ని అడిగాడు.

"మీరు ఏం తాగేవారండీ షావుకారుగారూ?"

ఈయనకి ఒక్క పేరూ తెలీదు. కాసేపు నేల చూసి, "అన్నీ," అన్నాడు.

ఆ ఒక్క మాటతో హాల్లో ఆయనకి వచ్చిన గౌరవం అంతా ఇంతా కాదు. ఆ రోజు నుంచి ఫ్యాను కింద కుర్చీ ఆయనదే.

"మరి చేతులు వణకట్లేదేంటండీ?" అని ఇంకొకతను ఆరా తీశాడు.

"నాకు లోపల వణుకుద్దండి," అన్నాడు ఈయన. అబద్ధం ఆడాడని నేను అనుకోను.

వెనక గదిలో మాత్రం ఆమె చేతులు బయటికే వణికేవి. బిళ్లల మోతాదు తగ్గుతున్నకొద్దీ చెమటలు, వాంతులు, ఒళ్లంతా పీకుడు. మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయేది. వార్డు ఆయా చూసి కళ్లు తుడుచుకుంది. "మొగుడు తాగుతుంటే ఇల్లాలు ఎట్లా చిక్కిపోయిందో చూడండి మేడమ్" అని మజ్జిగ కలిపి తెచ్చి ఇచ్చేది. పక్క ఫ్యామిలీ గదిలో ఉండే పెద్దావిడ వచ్చి తలకి నూనె పెట్టేది. రెండేళ్లలో ఆమె బాధపడుతోందని ఎవరైనా ఒప్పుకోవడం అదే మొదలు. కాకపోతే అది ఆయన తాలూకు బాధ అనుకున్నారు.

అటెండెంట్లకి నేను క్లాసు చెప్పాలి. దానికి కమిటీ అచ్చు వేయించిన పాఠం ఉంది. భర్త ఇంటికి రాగానే సమస్యలు చెప్పకండి. గట్టిగా మాట్లాడకండి. ఆయన ఇష్టపడే కూర చెయ్యండి. చిరునవ్వుతో ఎదురెళ్లండి. నేను చదువుతుంటే ఆడవాళ్లు తలలూపుతూ వినేవాళ్లు. ఒకరోజు ఆమె వెనక నుంచి అడిగింది.

"మేడమ్, ఆడది తాగితే మొగుడు ఏ కూర చెయ్యాలో అందులో రాశారా?"

అందరూ కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. నేను నవ్వు ఆపుకుని చూశాను. ఆమె నవ్వట్లేదు.

"రాయలేదమ్మా," అన్నాను.

ఆదివారాలు చూడటానికి ఇంటివాళ్లు వచ్చేవాళ్లు. అత్తగారు క్యారియరు తెచ్చింది. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని చారన్నం కలిపి పెడుతూ, నాకు వినపడేలా మొదలుపెట్టింది.

"నా పెద్దోడంటే పెళ్లాం పోయి తాగుతున్నాడు. వీడికేం తక్కువ? పెళ్లాం బతికే ఉంది కదా. ఇంట్లో మనశ్శాంతి లేకపోతే మగాడు ఇట్టాగే అవుతాడమ్మా."

అంటే భార్య చచ్చిపోయినా మగవాడు తాగుతాడు, బతికున్నా తాగుతాడు. ఎట్లా చూసినా భార్యే కారణం. నా చదువులో ఇంత తేలిగ్గా కారణం తేల్చిన పాఠం ఒక్కటీ లేదు. కోడలు మూలన నిలబడి అంతా వింది. ఆయన ముద్ద మింగలేక లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"అత్తయ్యా, ఇంకో ముద్ద పెట్టండి, ఈయన సరిగా తినట్లేదు," అంది ఆమె మామూలుగా.

అన్నగారు కూడా వచ్చాడు. పొద్దున్నే వచ్చాడు గానీ గేటు దగ్గరికే వాసన వచ్చింది. వాచ్‌మన్ ఆపబోయి, బాధలో ఉన్న మనిషి కదా అని వదిలేశాడు. తమ్ముడి భుజం మీద చెయ్యేసి కూర్చుని హితబోధ చేశాడు.

"ఒరే, మందు మంచిది కాదురా. నాకంటే గుండెల్లో గాయం ఉంది. నీకేముంది? నీకు అవసరమా?"

"లేదన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

"మానేస్తానని నా మీద ఒట్టెయ్యి."

తమ్ముడు ఒట్టేశాడు. అంత తేలిగ్గా నిలబెట్టుకోగలిగిన ఒట్టు మా కేంద్రంలో ఇంకెవరూ వెయ్యలేదు. మరదలు టీ తెచ్చి ఇచ్చింది. ఆయన ఆమె మొహంలోకి చూడకుండా తీసుకున్నాడు. ఆమె కూడా ఆయన వైపు చూడలేదు. ప్రమాదం జరిగినప్పటి నుంచి వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదని ఆమె భర్త తర్వాత నాతో అన్నాడు.

రోజులు గడిచేకొద్దీ వణుకు తగ్గింది. మధ్యలో ఒకసారి ఆమె పక్కగది పెద్దావిడని అడిగి నిద్ర బిళ్లలు వేసుకుంది. మళ్లీ కొంచెం వెనక్కి వెళ్లి మొదలుపెట్టాం. ఆ తర్వాత నెమ్మదిగా మాట్లాడటం మొదలైంది. డాక్టరు గారో నేనో ఎదురుగా కూర్చునేవాళ్లం. ఆమె కార్లో జరిగింది కొంచెం చెప్పి ఆగేది, మర్నాడు ఇంకొంచెం చెప్పేది. మంచం అంచున ఆయన కూర్చుని వినేవాడు. ఒకే ఇంట్లో ఉంటూ వినని మాటలు తాగుబోతుగా చేరాక విన్నాడు.

ఇంతలో మత్తుమందుల వ్యతిరేక సభ వచ్చి పడింది. ఏటా చేసేదే. షామియానా, స్టీలు కుర్చీలు, పదవిలో ఉన్న ఒక పెద్దమనిషి ముఖ్య అతిథి. తాగుడుని గెలిచిన ఒక పేషెంటుకి శాలువా కప్పాలి. కమిటీ ఏకగ్రీవంగా ఈయన్ని ఎంపిక చేసింది. చేరిన రోజు నుంచి ఒక్కసారి కూడా మందు అడగలేదు, గోడ దూకలేదు, ఎవరినీ కొట్టలేదు, బీడీ కూడా కాల్చలేదు. ఇంత త్వరగా బాగుపడిన మనిషి మా కేంద్రం పెట్టినప్పటి నుంచి లేడని ప్రెసిడెంటు గారు పొంగిపోయారు.

ఆయన చేతులు జోడించాడు. "నాకు వద్దండి. ఇంకెవరికైనా ఇప్పించండి."

"చూశారా ఆ వినయం," అన్నారు ప్రెసిడెంటు గారు మిగతావాళ్లతో.

సభ రోజున షామియానా కింద పేషెంట్లు ఒక వైపు, అటెండెంట్లు ఒక వైపు, ఊరివాళ్లు వెనక. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, తొందరగా వెళ్లాలన్నారు. అయినా మద్యం గురించి చాలాసేపు మాట్లాడారు. తర్వాత ఈయన్ని మైకు దగ్గరికి పిలిచారు.

ఈయనకి కథ అల్లడం రాదు. సారీ చెబుతున్నట్టు ఒకసారి అందరినీ చూశాడు. తర్వాత తనకి తెలిసిన ఒకే ఒక కథ చెప్పాడు.

"కారు ఆగిపోయిందండి. ఇంజను ఆగింది గానీ ఇండికేటరు ఆగలేదు. టిక్కు టిక్కు అని కొట్టుకుంటూనే ఉంది. తలుపు రాలేదు. పెట్రోలు వాసన. ఒళ్లో మనిషి తల. ఎంత బరువుంటుందో తెలుసాండి మనిషి తల. కాలు కదపకూడదు, కదిపితే ఆమెకి నొప్పి పుడుతుందని కదపలేదు. ఆమె పోయిన తర్వాత కూడా కదపలేదు. జనం వచ్చి అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. ఆ తర్వాత నిద్ర పోతే చాలు, ఆ టిక్కు టిక్కు వినపడుద్దండి. బిళ్ల వేసుకుంటే వినపడదు. అందుకని వేసుకోవడమండి. మత్తు కోసం కాదు. వినపడకుండా ఉండటం కోసం."

లారీ డ్రైవరు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ముఖ్య అతిథి ఫోను పక్కన పెట్టారు. అత్తగారు "నా బిడ్డ ఇంత బాధ దాచుకున్నాడా" అని ఏడ్చింది. ఆ కార్లో తన చిన్నకొడుకు లేడని ఆ తల్లికి కూడా ఆ క్షణంలో తట్టలేదు. మగవాడి గొంతుతో చెబితే ఏ బాధైనా అంత బాగా వినపడుతుంది.

చప్పట్లు మొదలయ్యాయి. అటెండెంట్ల వరసలోంచి ఆమె లేచింది. మైకు దగ్గరికి వెళ్లలేదు. ఉన్నచోటే నిలబడి, పెద్దగా కాదు గానీ అందరికీ వినపడేట్టు అంది.

"ఆ కార్లో ఆయన లేరండి. నేనున్నాను. ఆ బిళ్లలు వేసుకుంది నేను. మా బావగారి బ్రాందీ తాగింది నేను. ఆయన టీలో పంచదార కూడా వేసుకోరు."

చప్పట్లు ఆగిపోయాయి. శాలువా విప్పి పట్టుకున్న ముఖ్య అతిథి ప్రెసిడెంటు గారి వైపు చూశారు. ప్రెసిడెంటు గారు నా వైపు చూశారు. ఇక దాచేదేముందని, "నిజమేనండి," అన్నాను. డాక్టరు గారు కూడా లేచి, "పేషెంటు ఆవిడే," అన్నారు. పరువు, ఉద్యోగం, అన్నీ ఆ నిమిషంలోనే పోతాయనుకుని నిలబడ్డాను.

ఏమీ పోలేదు. సెక్రటరీ గారు మైకు అందుకున్నాడు.

"చూశారా. భర్త పరువు నలుగురిలో పోకూడదని, ఆ మచ్చ తన మీద వేసుకుంది ఈ తల్లి. డాక్టరు గారూ, మేడమ్ గారూ కూడా ఆమె మనసు కష్టపెట్టలేక అవునన్నారు. ఇటువంటి ఇల్లాళ్లు ఉండబట్టే వానలు కురుస్తున్నాయి."

ఈసారి చప్పట్లు షామియానా అదిరిపోయేట్టు మోగాయి. శాలువా ఆయనకి కప్పారు. ఆమెకి ఒక పూలదండ వేశారు. మర్నాడు పేపర్లో ఇద్దరి ఫోటో వచ్చింది. భర్తను దారికి తెచ్చుకున్న భార్య అని పైన పెద్దక్షరాలు.

సభ అయ్యాక వెనక గదికి వెళ్లాను. ఆమె మంచం మీద కూర్చుని నవ్వుతోంది. ఆపుకోలేక కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

"నిజం చెప్పినా నమ్మరేంటండీ వీళ్లు," అంది. "రెండేళ్లు దొరికిపోతానని భయపడి చచ్చాను. తీరా చెబితే దండేశారు."

ఆయన శాలువా మడత పెడుతూ, "ఒకరు నమ్మారు," అన్నాడు. "అన్నయ్య. వెనక వరసలో ఉన్నాడు. నేను చెబుతుండగానే లేచి వెళ్లిపోయాడు."

ఆ సభ వల్ల ఇంకో విచిత్రం జరిగింది. ఊరు నమ్మలేదు గానీ, నమ్మాల్సినవాళ్లు నమ్మారు. విస్సన్నపేట నుంచి ఒకతను భార్యతో వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "నేను బాగా తాగుతానండి," అన్నాడు. మనిషి అప్పుడే గుడికెళ్లి వచ్చినట్టున్నాడు, నుదుటి మీద కుంకుమ కూడా చెదరలేదు. పక్కనున్న భార్య కళ్లు మాత్రం గాజుగోలీల్లా ఉన్నాయి. తర్వాత ఒక కుర్రాడు తల్లిని తీసుకొచ్చి, "నేను గంజాయి మనిషినండి, మా అమ్మ తోడుగా ఉంటుంది," అన్నాడు. గంజాయి ఎట్లా ఉంటుందని అడిగితే పచ్చగా ఉంటుందనుకుంటానండి అన్నాడు. ఒక్కొక్క ఆడమనిషి వెనకా ఏదో ఒకటి ఉంది. ఒకావిడ ఇల్లు కాలిపోతుంటే చూసింది. ఒకావిడ కట్టుకున్నవాడి చేతుల్లోనే ఏళ్ల తరబడి దెబ్బలు తింది. ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. ఫ్యామిలీ గదులు చాలక కమిటీ మీటింగు పెట్టింది. తాగే మగవాళ్లు మా ప్రాంతంలో విపరీతంగా పెరిగిపోతున్నారని ప్రెసిడెంటు గారు ఆందోళన వ్యక్తం చేసి, అటెండెంట్ల కోసం విడిగా ఒక వార్డు మంజూరు చేశారు. తలుపు మీద "తోడు వచ్చిన స్త్రీల విశ్రాంతి గది" అని రాయించారు. మేం వద్దనలేదు. మంచాలు వచ్చాయి, అది చాలు.

అన్నగారు సభ మర్నాడే వచ్చాడు. తల్లి వెంట రాలేదు, సోడా సీసా లేదు, వాసన కూడా లేదు. చేతులు మాత్రం వణుకుతున్నాయి. "నన్ను చేర్చుకోండి," అన్నాడు వాచ్‌మన్‌తో. మా దగ్గర తాగుడు నిజంగా ఉన్న మనిషికి ఆ వారంలో అదే మొదటి అడ్మిషన్.

వణుకు తగ్గి కాస్త అన్నం ఇమిడే వరకూ ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు సాయంత్రం నా గదికి వచ్చి, మరదలితో మాట్లాడాలి, మీరు కూడా ఉండండి అన్నాడు. ఆమెని అడిగాను. చాలాసేపు ఆలోచించి సరేనంది.

ఇద్దరూ ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నారు. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"అమ్మాయ్, ఒకటి అడగనా?"

"అడగండి బావగారూ."

"ఆఖర్న మీ అక్క ఏమన్నా అందా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా ఆమెనెవరూ అడగలేదని ఆమె మొహం చూస్తే తెలిసింది. నేను గానీ, డాక్టరు గారు గానీ అడగలేదు. మేం ఆమె ఏం విన్నదీ, ఏ వాసన వచ్చిందీ అడిగాం. చనిపోయిన మనిషి ఏమన్నదో అడగలేదు. ఆమె నా వైపు చూసింది. చెప్పొద్దని అంటానేమోనని ఎదురు చూసినట్టుంది.

"అందండి," అంది చివరికి. "అది మీకు చెబితే మీరు బతకరనుకుని దాచానండి."

"చెప్పమ్మా."

"'నెమ్మదిగా వెళ్లమంటే వినరు గదా ఈయన' అంది. అంతేనండి. ఇంకేం అనలేదు."

ఆయన కదల్లేదు. లేచి ఆయన పక్కకి వెళ్దామా అనుకుంటున్నాను.

"కోపంగా అందా?" అన్నాడు.

"లేదండి. మామూలుగానే. మీరు గొడుగు మర్చిపోతే అంటుంది చూడండి, అట్లా అంది."

"రోజూ అనేది," అన్నాడాయన. "షాపుకి స్కూటర్ తీస్తుంటే కూడా అనేది. నేను విననని దానికి తెలుసు, అయినా అనేది." నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే విరిగిపోయి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. రెండేళ్లు సీసాలు సీసాలు తాగినా రాని ఏడుపు అది. "నన్ను తిడుతూ పోయిందనుకున్నానమ్మా. లేకపోతే నన్ను పిలుస్తూ పోయిందనుకున్నా, నేను పలకలేదని. ఇన్నాళ్లూ ఈ రెండే."

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆయన మొహం తుడుచుకునే వరకూ ఆగింది.

"ఆ రోజు గురించి మీరు తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి బావగారూ," అంది. "మీరు బట్టల షాపు బయట నిలబడ్డారు కదా, లోపల ఏం జరిగిందో మీకు తెలీదు."

నేను మెల్లిగా లేచి తలుపు దగ్గరికి వేశాను. నా సర్వీసంతటిలో నేను ఒక్క సలహా ఇవ్వకుండా జరిగిన కౌన్సెలింగ్ అదే. వరండాలోకి వచ్చాక కూడా ఆమె గొంతు వినపడుతోంది. అక్క ఒక చిలకాకుపచ్చ చీర పట్టుకుని ఎట్లా వదల్లేదో, ఆ రంగు నీకు నప్పదక్కా అంటే ఎంత పేచీ పెట్టిందో చెబుతోంది. ఆయన మధ్యమధ్యలో "ఊఁ" అంటున్నాడు.